అచ్చయిన పుస్తకం అందినట్టేనా?

రెండేళ్ల కిందట నా విమర్శ వ్యాసాల సంపుటి వచ్చింది. నెల తిరక్కముందే ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. తెలుగు ఎం.ఏ.లో నా దగ్గర చదువుకుంది.

"సార్, మీ పుస్తకం కొన్నాను. అడిగితే పి.డి.ఎఫ్. కూడా పంపించారు. కాని చదవడం లేదు సార్" అంది.

పుస్తకం తనను చదివించడం లేదని చెబుతోందేమో అనుకున్నాను. రచయితకు మొదట వచ్చే అనుమానం అదే గదా! ఆమె అర్థం అది కాదు. "వినండి సార్" అని ఫోన్‌ను కంప్యూటర్ పక్కన పెట్టింది. ఒక యంత్రం గొంతు ఇంగ్లీషు అక్షరాలనూ, డాలరు గుర్తులనూ, బ్రాకెట్లనూ ఊపిరి తిప్పుకోకుండా వల్లించసాగింది. మధ్యమధ్య వచ్చే సంవత్సరాల అంకెలు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. సాహిత్యం ప్రజలకు చేరవలసిన అవసరాన్ని గురించి నేను రాసిన ముందుమాట అది.

నవ్వు రాలేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. తెలుసుకున్న దాన్ని తోటి రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. కాని ఇందులో నిపుణులకు మాత్రమే అర్థమయ్యే రహస్యమంటూ ఏమీ లేదు.

కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. తెర మీదా కాగితం మీదా మనకు కనబడే బొమ్మను ఫాంటు సమకూరుస్తుంది. మన ప్రెస్సుల్లోకి డి.టి.పి. వచ్చిన కాలంలో ఆ యంత్రాలకు తెలిసిన స్థానాలు రెండు వందల పైచిలుకు మాత్రమే. అవి కూడా ఇంగ్లీషు వగైరా భాషలకు కేటాయించినవి. తెలుగులో గుణింతాలూ వొత్తులూ కలుపుకుంటే అక్షర రూపాలు వేలల్లో ఉంటాయి. అంచేత ఫాంటు తయారు చేసినవాళ్లు మన అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వొత్తు ఒక ముక్క. వాటిని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. కంటికి కనబడేది తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గుట్ట. చూపున్నవాడికి ఈ మోసం ఎన్నడూ తెలియదు. అతను చదివేది పైబొమ్మనే. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివేది లోపలి అంకెలను. అందుకే నా ముందుమాట డాలరు గుర్తుల పాలయింది.

దీనికి విరుగుడు లేకపోలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాల గడి ఇచ్చారు. యూనికోడ్‌లో రాసిన 'క' ఏ ఫాంటులో చూపినా, ఏ దేశంలో తెరిచినా 'క'యే. అయినా మన ప్రచురణ రంగంలో చాలా భాగం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. కారణాలు భౌతికమైనవే. మన ప్రెస్సులు అలవాటుపడిన పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ చేతకాదు. ఆపరేటర్ల వేళ్లు పాత కీబోర్డుకు అలవాటుపడ్డాయి. ఇరవై ముప్పై ఏళ్ల పుస్తకాల ఫైళ్లు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. పైగా ఆ అక్షరాలు అందంగా ఉంటాయి. ఇందులో ప్రెస్సువాళ్ల దుర్మార్గం ఏమీ లేదు. "నా పుస్తకం ఏ ఫాంటులో కూరుస్తున్నారు?" అని అడగని రచయితలం మనమే. కవర్ బొమ్మ గురించి మాత్రం నాలుగుసార్లు ప్రెస్సుకు వెళతాం.

ఇక్కడ బ్రెయిల్ సంగతి చెప్పాలి. లూయీ బ్రెయిల్ 1829లో ప్రకటించిన పద్ధతిలో ఆరు చుక్కల గడి ఒకటి ఉంటుంది. వాటి కలయికలు 63. మన దేశంలో వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు బ్రెయిల్ పద్ధతులు పుట్టి, ఒకచోట నేర్చుకున్నది మరొకచోట పనికిరాని పరిస్థితి ఉండేది. చివరకు 1951లో భారతి బ్రెయిల్ స్థిరపడింది. తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, బెంగాలీ 'క'కూ ఒకే గడి. మనం అక్షరం కింద వేలాడదీసే వొత్తును అది వరసలోకి తెచ్చింది. 'సత్యం' అనే మాటలో స, దాని తర్వాత పొల్లు గుర్తు, త, య, సున్న ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గుణింతానికి వేరే గుర్తులు లేవు. హల్లు పక్కన అచ్చు నిలబడుతుంది, అంతే. లిపి శాస్త్రం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు దీన్ని తప్పక పరిశీలించాలి. తెలుగు అక్షరాన్ని దాని ధ్వనుల వరసలోకి విప్పి చూపిన పద్ధతి ఇది. యూనికోడ్‌లో అక్షరాలను దాచే వరస కూడా దాదాపు ఇలాంటిదే. అంటే, 1951లో చుక్కల మీద తేలిపోయిన సమస్యను నలభై ఏళ్ల తర్వాత మనం ఫాంట్ల పేరుతో మళ్లీ చిక్కుముడి చేసుకున్నామన్నమాట.

అయితే బ్రెయిల్ పుస్తకం బరువు. ఒక అచ్చు పుట రెండు మూడు బ్రెయిల్ పుటలవుతుంది. పరిశోధన గ్రంథాలను బ్రెయిల్‌లో వేసేవాళ్లు అరుదు. ఇవాళ చూపులేని విద్యార్థులు ఎక్కువగా ఆధారపడేది స్క్రీన్ రీడర్ మీదనే. ఒకప్పుడు అవి సామాన్యులు కొనలేని ధరలో ఉండేవి. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. తర్వాత జేమ్స్ టే అతనితో కలిశాడు. ఇద్దరూ చూపులేనివాళ్లే. దాన్ని వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు. తెలుగు కూడా చదువుతుంది. మా అమ్మాయి వాడేది అదే. దాని గొంతు రాయి మీద రాయి రుద్దినట్టు ఉంటుంది. ఆమె మాత్రం మనం మాట్లాడే వేగానికి రెట్టింపు వేగంతో పెట్టుకుని వింటుంది.

అసలు విషయానికి వస్తాను.

ఆమె పిహెచ్.డి.కి చేరినప్పుడు సమకాలీన కథల మీద అంశం తీసుకుంది. నాకు చాలా సంతోషమైంది. పాత ప్రబంధాల దుమ్ము దులపడం కాక నడుస్తున్న జీవితాన్ని పట్టుకుందని మెచ్చుకున్నాను. నేను రాసిన సిఫారసు ఉత్తరంలో 'సామాజిక చైతన్యంతో చేసిన వస్తువు ఎంపిక' అని కూడా రాశాను. నా పుస్తకం గొడవ జరిగిన తర్వాత ఒకరోజు మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆమె పని చెయ్యాలనుకున్నది తంజావూరు యక్షగానాల మీద. ముఖ్యంగా విజయరాఘవనాయకుని ఆస్థానంలోని రంగాజమ్మ రాసిన మన్నారుదాస విలాసం మీద. పదిహేడో శతాబ్దంలో ఒక స్త్రీ రాసిన యక్షగానం. కాని ఆ గ్రంథాలు పాత అచ్చు పుస్తకాలుగానో, వాటిని ఫొటో తీసిన పి.డి.ఎఫ్.లుగానో దొరుకుతాయి. ఫొటోలో స్క్రీన్ రీడర్‌కు ఒక్క అక్షరం ఉండదు, అది తెల్లకాగితంతో సమానం. సమకాలీన కథలైతే ఇంటర్నెట్ పత్రికల్లో యూనికోడ్‌లో ఉన్నాయి. అంచేత కథలు తీసుకుంది.

"ఎవరన్నా చదివి పెడితే చెయ్యొచ్చు సార్. కాని అయిదేళ్లు ఎవరు చదివి పెడతారు?" అంది.

ఆమె ఎంపికలో నేను చూసిన సామాజిక చైతన్యం నిజానికి ఫాంటు చైతన్యం! ఇది ఒక మనిషి ఇబ్బందిగా నాకు కనబడడం లేదు. వస్తువు ఎంపికలో రచయిత దృక్పథం వ్యక్తమవుతుందని మనం ఎన్నో వ్యాసాల్లో రాశాం. ఆ ఎంపిక చేసుకునే స్వేచ్ఛ ఎవరికి ఉంది, ఎవరికి లేదు అనేది మాత్రం లెక్క వెయ్యలేదు. చేరువలో లేని గ్రంథం ఆలస్యంగా అందుతుందని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎవరు దేని మీద ఆలోచించవచ్చో అది ముందే తేల్చేస్తుంది. రంగాజమ్మ మీద ఈ అమ్మాయి రాయవలసిన విమర్శ తెలుగులో లేకుండా పోయింది. లేనిది గనక లేదనే సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.

పాత పుస్తకాల ఫొటోల్లోంచి అక్షరాలను గుర్తించి రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది గదా అని కొందరంటారు. ఉంది. దాన్ని ఓ.సి.ఆర్. అంటారు. తెలుగుకు కూడా పనిచేస్తుంది, ఏటేటా మెరుగవుతోంది. కాని పాత అచ్చులో ప, వ, ష, స ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. బ, భలకు తేడా చిన్న గీత. కింది వొత్తు సగం అరిగిపోయి ఉంటుంది. అరసున్న మచ్చలా కనబడుతుంది, మచ్చ అరసున్నలా కనబడుతుంది. మామూలు పాఠకుడికి పదింట ఒక మాట తప్పుపోయినా నష్టం లేకపోవచ్చు. పరిశోధకుడికి ఒక్క అక్షరమే ప్రాణం. తాళపత్రాలకు వెనకటి లేఖకులు పాఠాంతరాలు సృష్టిస్తే, అచ్చు పుస్తకాలకు ఈ యంత్రం కొత్త పాఠాంతరాలు సృష్టిస్తోంది! వీటిని మనిషి కూర్చుని దిద్దాలి. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇవాళ ఆంధ్రభారతిలో మాట కొట్టి వెదుక్కునేలా ఉన్నాయంటే దాని వెనక కొందరి ఓపిక ఉంది. వికీసోర్స్‌లో పాత పుస్తకాలను పుట పుటా దిద్దుతున్నవాళ్లున్నారు. ఆ పని చేసేవాళ్లలో తెలుగు శాఖల అధ్యాపకులెందరు అన్న ప్రశ్న నేను వెయ్యను. జవాబు నాకే ఇబ్బంది.

అక్షరాలు సరిగా ఉన్నంత మాత్రాన పుస్తకం అందినట్టు కాదు. ఛందస్సు పాఠం తీసుకోండి. ఉత్పలమాల పాదానికి గణవిభజన చేస్తే పై వరసలో గురులఘువుల గుర్తులు, కింది వరసలో పద్యపాదం వేస్తాం. స్క్రీన్ రీడర్ ముందు పై వరసంతా "యు, ఐ, ఐ, యు, ఐ, యు" అని ఇరవై గుర్తులూ చదివేసి, తర్వాత పాదం చదువుతుంది. ఏ గుర్తు ఏ అక్షరానిదో చెవికి తెలిసే మార్గం లేదు. గుర్తులను గీతలుగా గీస్తే అసలు చదవనే చదవదు. విచిత్రమేమంటే ఛందస్సు మొదటినుంచీ చెవి శాస్త్రం. 'యమాతారాజభానసలగం' అని నోటితో చెప్పుకుంటూ గణాలన్నీ గుర్తుపెట్టుకున్న సంప్రదాయం మనది. అందులో ఏ మూడక్షరాలు వరసగా తీసుకున్నా మొదటి అక్షరం పేరుగల గణం వస్తుంది. కాగితం అక్కరలేని పట్టిక అది. దాన్ని కంటి శాస్త్రంగా మార్చింది మన పాఠ్యపుస్తకాలు. విరుగుడు కూడా పాతదే. పాదం రాసి, దాని కింద 'భ ర న భ భ ర వ, పదో అక్షరం యతిస్థానం' అని మాటల్లో రాస్తే చాలు. లేదా పట్టికలో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, దాని పక్కనే గు అనో ల అనో పెట్టాలి.

ఇదే విధంగా 'నల్లటి అక్షరాల్లో ఉన్న పదాలను గమనించండి', 'పై పటంలో చూసినట్టు' అని మనం అలవాటుగా రాసే వాక్యాలున్నాయి. అక్షరాలు నలుపో తెలుపో స్క్రీన్ రీడర్ మామూలుగా చెప్పదు. శీర్షిక పెద్ద అక్షరాల్లో ఉన్నంత మాత్రాన అది శీర్షిక అని దానికి తెలియదు. ఫైలులో శీర్షిక అని గుర్తు పెడితేనే తెలుస్తుంది. అప్పుడు వినేవాడు ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలడు. లేకపోతే నాలుగు వందల పుటల గ్రంథంలో ఆరో అధ్యాయం కావాలంటే మొదటినుంచీ వింటూ రావాలి. పుట అడుగున వేసే వివరణలు మరో తలనొప్పి. వాక్యం సగంలో ఉండగా పుట ముగుస్తుంది. స్క్రీన్ రీడర్ ఆ వాక్యాన్ని వదిలి, కింది వివరణ చదివి, పుట సంఖ్య చెప్పి, పై పుట నెత్తిన ఉన్న పుస్తకం పేరు చదివి, అప్పుడు మిగతా సగం వాక్యం అందుకుంటుంది. పుట సంఖ్యలు తీసేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు. పరిశోధకుడు ఉటంకింపుకు పుట సంఖ్య ఇవ్వాలి. అచ్చు పుట ఎక్కడ మారిందో ఈ-పుస్తకంలో గుర్తుగా ఉంచే పద్ధతి ఉంది. అది చేయించుకోవాలి.

బొమ్మలకు మాటల్లో వివరణ రాయాలి. నా పుస్తకంలో పదకొండు ఫొటోలున్నాయి. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల వివరణ రాద్దామని కూర్చున్నాను. తాళపత్రం ఫొటో దగ్గర 'ఇది తాళపత్రం' అని రాసి ఆగిపోయాను. ఆ ఫొటో నేనెందుకు వేశాను? లేఖకుడు పాదం తర్వాత పాదం విడగొట్టకుండా ఏకబిగిన రాశాడని చూపడానికి. అయితే వివరణలో చెప్పవలసింది అదే. ఇలా పని చేస్తూ పోతే పదకొండింటిలో నాలుగు ఫొటోలు ఎందుకు వేశానో నాకే తెలియలేదు. వాటిని మలి ముద్రణలో తీసేస్తాను.

చూపు సంగతే ఎక్కువగా చెప్పాను. నాకు ఎదురైంది అది గనక. చేతులు స్వాధీనంలో లేక పుట తిప్పలేనివాళ్లకూ, అక్షరాలు కలగాపులగమై చదవడం కష్టమయ్యేవాళ్లకూ కూడా సరైన ఈ-పుస్తకమే ఆధారం. వినికిడి లేనివాళ్లకు మన సదస్సుల వీడియోలు మూగబొమ్మలు. కింద ప్రసంగ పాఠం వేస్తే చాలు. ప్రసంగాన్ని ముందుగా రాసుకురావడం మన వక్తలకు అలవాటైతే శ్రోతలందరికీ మేలే.

చట్టం ఏమంటోంది? 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి, లాభాపేక్ష లేకుండా చేసినంత వరకు, రచయిత అనుమతి అక్కరలేదు. ప్రపంచ అంధుల సంఘం 'పుస్తకాల కరవు' అని పేరు పెట్టిన స్థితిని ఎదుర్కోవడానికి 2013లో మొరాకోలోని మరాకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది భారతదేశం. ఒప్పందం 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. అదే సంవత్సరం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంటోంది. సమాచారం అందరూ అందుకోగల రూపంలో ఉండేలా చూడమని కూడా అంటోంది. సీటు వచ్చింది, హాస్టలు వచ్చింది, లైబ్రరీ కార్డు వచ్చింది. పుస్తకం రాలేదు. 2015 చివరలో పాలకులు 'దివ్యాంగులు' అని కొత్త పేరు మాత్రం పెట్టారు. పేరు మార్చడానికి ఖర్చు లేదు. మనమూ తక్కువవాళ్లం కాదు. తర్కం లేని నమ్మకాన్ని 'అంధవిశ్వాసం' అనీ, అనుకరణను 'అంధానుకరణ' అనీ రాస్తూనే ఉన్నాం. ఆ అమ్మాయి థీసిస్ దిద్దుతున్నప్పుడు ఒకచోట 'గుడ్డిగా అనుసరించాడు' అని నేనే చేర్చాను. ఆమె ఏమీ అనకుండా 'ఆలోచించకుండా అనుసరించాడు' అని మార్చుకుంది. అర్థం కూడా అదే స్పష్టంగా ఉంది.

ఈ విషయం మిత్రుల దగ్గర ఎత్తితే రెండు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది సంఖ్య. ఎంతమంది చదువుతారండీ అని. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 50 లక్షలు. సరే, వీళ్లందరూ తెలుగు విమర్శ చదవరు. చూపున్న కోట్లమంది మాత్రం చదువుతున్నారా? నా పుస్తకం వేసింది అయిదు వందల ప్రతులు. అందులో సగం అటకమీద ఉన్నాయి. సంఖ్యే ప్రమాణమైతే మొదట మూతపడవలసింది విమర్శ.

రెండోది దొంగతనం. అక్షరాలున్న ఫైలు బయటికిస్తే అందరూ ఉచితంగా పంచేసుకుంటారని. ఈ భయం ఉత్తది కాదు. చిన్న ప్రచురణకర్త నూరు ప్రతులు పోగొట్టుకుంటే తర్వాతి పుస్తకం ఆగిపోతుంది. కాని ఇవాళ జరుగుతున్నదేమిటి? పుస్తకం మార్కెట్లోకి వచ్చిన నెలకే దాని పుటలను ఫొటోలు తీసి టెలిగ్రామ్‌లో పెడుతున్నారు. చూపున్నవాడు కొనకుండానే చదువుకుంటున్నాడు. డబ్బిచ్చి కొన్న చూపులేని పాఠకురాలికి ఆ దొంగ ప్రతి కూడా పనికిరాదు, ఎందుకంటే అదీ ఫొటోయే. మనం అక్షరాలు దాచుకోవడం వల్ల ఆగింది దొంగ కాదు, కొన్నమనిషి.

నా పుస్తకం సంగతి. ప్రెస్సు నుంచి ఫైలు తెచ్చి, పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేశాం. తెలుగు చాలావరకు తెలుగయింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు పేర్లు మాత్రం తెలుగు గుణింతాలై కూర్చున్నాయి. గోర్కీ, లూకాచ్ పేర్లు గుర్తుపట్టలేని స్థితిలో దొరికాయి. దిద్దడానికి మూడు వారాలు పట్టింది. మొదటే యూనికోడ్‌లో కూర్చి ఉంటే ఈ మూడు వారాల పని లేదు. ఇప్పుడు పుస్తకం కొన్నవాళ్లెవరికైనా వైకల్యం ఉంటే, అడిగిన రోజే ఫైలు పంపేలా ప్రచురణకర్తతో ఏర్పాటు చేసుకున్నాను. రుజువులడగొద్దని చెప్పాను. ఇప్పటికి ముగ్గురు అడిగారు. ఈ వ్యాసాన్ని కూడా యూనికోడ్‌లోనే పంపుతున్నాను. అచ్చులో ఏ ఫాంటులోకి దూరుతుందో సంపాదకులు చూసుకోవాలి.

ఆ అమ్మాయి కథల మీద థీసిస్ పూర్తి చేసి ఇచ్చింది. రంగాజమ్మను వదల్లేదు. మన్నారుదాస విలాసం పాత ప్రతిని ఓ.సి.ఆర్. చేయించి, నేనూ, ఇద్దరు విద్యార్థులూ, ఆమే కలిసి దిద్దుతున్నాం. మేం ముగ్గురం ఫొటో చూసి దిద్దుతాం. ఆమె విని, ఛందస్సు తప్పినచోటల్లా ఆపుతుంది. మేం చూసి వదిలేసిన తప్పులు చాలా ఆమె చెవికి దొరికాయి. నిన్న రాత్రి ఒక ద్విపదలో గణం ఒకటి తప్పిందని ఫోన్ చేసింది. యంత్రం తప్పా, అచ్చు తప్పా తేలలేదు. రేపు లైబ్రరీకి వెళ్లి అసలు పుస్తకం చూడాలి.